గాసి పెద్దలకు దాహం ఎక్కువ

తాగేముందు చచ్చిపోయిన పెద్దల పేరు చెప్పి రెండు చుక్కలు నేలకి వంచడం అరకు కొండల్లో అందరికీ ఉన్న ఆచారమే. గాసితో వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఒక్కోసారి ఆయన బంధువర్గమంతటికీ పోస్తాడు.

పట్నం జనానికి ఆర్గానిక్ మందు వెర్రి పట్టుకున్నాక, రిసార్టువాళ్ళు కాక్‌టెయిల్ బార్ ఒకటి తెరిచి, ఇప్పసారా గుట్టు తెలిసినవాడని గాసిని కౌంటర్ వెనక నిలబెట్టారు. తొలిరోజే ఆయన కొత్త కార్పెట్ మీద ఇంత వంచాడు. మేనేజరు రాజకుమారి పరుగెత్తుకొచ్చింది.

"ఇదేటి బాబాయ్!"

"మా తాతకి, మేడమ్."

"మీ తాతని ఇందులోకి రమ్మను" అని ఆవిడ కౌంటర్ కింద ఒక కుండ పెట్టించింది. ఆ కుండలోది గాసి రోజూ పొద్దున్నే వెనకున్న పనసచెట్టు మొదట్లో పోస్తాడు. ఈ ఏడు ఆ చెట్టు తూలుతూ కాసిందని వంటవాళ్ళు ఒట్టేసి చెబుతారు.

గాసి పద్ధతి ఇది. ముందు గ్లాసులో సారా. అందులోంచి పెద్దల వాటా కుండలోకి. ఆపైన కొండతేనె, నిమ్మరసం, మిరియాల పొడి, అంచుదాకా సోడా. "ఇది ఆర్గానికేనా?" అని ఎవరైనా అడిగితే, "అడివికి ఎరువెవరేత్తారు సార్?" అంటాడు.

ఈ వంపకం చూసి ఒకాయనకి ఒళ్ళు మండింది. "మీ వంశమంతా తాగుబోతులేనా?"

"లేదు సార్. సచ్చిపోయాకే అలవాటయింది."

ఆయన హెల్మెట్ పట్టుకుని విసవిసా వెళ్ళిపోయి, ఆన్‌లైన్‌లో ఒకే ఒక్క స్టారిచ్చాడు. 'మందంతా దెయ్యాలకే' అని రాశాడు.

అది చదివి యజమాని అప్పలస్వామి విశాఖ నుంచి తనే కారు నడుపుకుంటూ ఊడిపడ్డాడు. "నేనే తాగి సూత్తాను. నా నాలిక అబద్ధమాడదు. సరుకు తగ్గిందా, ఆడు రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు.

రాజకుమారి గాసి దగ్గరికి పరుగున వెళ్ళి, "బాబాయ్, ఈ ఒక్క పూట మీవాళ్ళని ఉపవాసం ఉండమను. నీ ఉద్యోగం ఊడిపోద్ది" అని బతిమాలింది.

"అడిగి సూత్తాను మేడమ్."

అప్పలస్వామి కారు తాళాలు కౌంటర్ మీద పడేసి, ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. "బేగి పొయ్యవోయ్. పొద్దుగుంకేలోగా ఘాట్ దిగిపోవాల."

గాసి ఆ తాళాలకేసి చూశాడు. మొదటి గ్లాసుకే తాతా ముత్తాతా వచ్చేశారు. రాజకుమారి కళ్ళు గట్టిగా మూసుకుంది. రెండోదానికి మేనమామలు ముగ్గురూ దిగారు. మూడోదానికి పెళ్ళి కాకుండానే పోయిన చిన్నత్త కూడా సిగ్గు విడిచి వచ్చింది. ఇక గాసి పని అయిపోయిందనుకుంది రాజకుమారి.

మూడోది గుటుక్కున మింగి అప్పలస్వామి బల్ల మీద గుద్దాడు. "సరుకంటే ఇదీ! నసాళానికంటింది! ఇంత పనోణ్ణి తీసేయమన్న యెదవెవడు?"

అన్నవాడు తనేనని ఆయనకి గుర్తు చేసే ధైర్యం ఎవరికుంది? పాట పాడుకుంటూ కారెక్కాడు. కారు మాత్రం గీత గీసినట్టు తిన్నగా వెళ్ళింది.

రాజకుమారికి అనుమానమొచ్చి గ్లాసు అడుగున మిగిలింది నాలిక మీద వేసుకుంది. తేనె, నిమ్మరసం, మిరియాల ఘాటు. సారా చుక్క లేదు. వంగి చూస్తే కుండ నిండా ఉంది. హెల్మెట్ ఆయనకీ ఇదే జరిగిందని అప్పుడు వెలిగింది. గదుల్లో బస చేసేవాళ్ళ గ్లాసుల్లోంచి పెద్దలు ఏనాడూ రెండు చుక్కలు మించి అడగలేదు మరి!

"బాబాయ్, మీవాళ్ళకి బండి తాళాలు కనబడితేనే దాహమేస్తాదేటి?"

గాసి సిగ్గుపడిపోయాడు. "ఘాట్ మలుపులు తెలుసు కదా మేడమ్. అవతల మావోళ్ళు ఇప్పటికే బోల్డుమంది. కొత్తోళ్ళొత్తే కూకోడానికి సోటు లేదు."

ఘాట్ దిగాక అప్పలస్వామి ఫోన్ చేశాడు. ఆ మూడో గ్లాసులోది ఇంటికి డజను సీసాలు పంపాలట.

రాజకుమారి పడీపడీ నవ్వింది. ఈ ముసలాయన మీద పట్టరానంత ప్రేమ పుట్టుకొచ్చింది. "నాకూ ఒకటి కలుపు బాబాయ్" అంటూ, స్కూటర్ తాళం గబుక్కున హ్యాండ్‌బ్యాగులో దాచేసింది.

గాసి గ్లాసులో సారా పోశాడు. మొత్తం కుండలోకి వంచేశాడు.

"మా ముత్తాత సూసేసాడు మేడమ్."