బోర్డు మీద నా మీసం

దిల్‌సుఖ్‌నగర్‌లో టీ గ్లాసులు ఈమధ్య ఎంత చిన్నవైపోయాయంటే, ఊదుకుని చల్లార్చేలోగా తాగడానికేమీ మిగలడం లేదు. మొన్న సాయంత్రం అలాంటి గ్లాసొకటి పట్టుకుని మెట్రో స్తంభం పక్కన నిలబడి దీని గురించే విచారిస్తుంటే, డిగ్రీ పరీక్షలు రాసేసిన మా అమ్మాయి, ఎమ్మెస్సీ సీటు తీసుకోమంటావా, ఎల్బీనగర్‌లో వచ్చిన ఉద్యోగంలో చేరమంటావా అని అడిగింది. శనివారంలోగా తేల్చాలట.

ఆ స్తంభం ఉన్నచోటే ఒకప్పుడు నా మొహం వేలాడేది. బీయస్సీ అవగానే నాకు ఫిజిక్సు ఎమ్మెస్సీలో సీటొచ్చింది. మీర్‌పేటలో మా ఇంటి ఓనరుగారికి ఇక్కడ ఎమ్మెస్సీ ఎంట్రన్సుకి ఒక కోచింగ్ సెంటరుండేది; నేనూ అందులోనే చదివాను. ఆయన సంతోషం పట్టలేక నా ఫొటో పెయింటరుకిచ్చి నిలువెత్తు బోర్డు రాయిస్తే, ఆ పెయింటరు గౌరవం కొద్దీ నాకు లేని మీసమొకటి పెట్టాడు. సీటొచ్చినవాణ్ని బోర్డెక్కించడం, బోర్డెక్కినవాడి చేతనే తర్వాతి బ్యాచికి పాఠాలు చెప్పించడం ఆ వీధిలో ఆనవాయితీ. నేను యూనివర్సిటీలో చేరాల్సిన వారం ఆయన మా ఇంటికొచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ నిదానంగా తాగి, ఒక్కమాటే అన్నారు.

"గీ ఒక్క బ్యాచ్ ఒడ్డెక్కించు తమ్మీ. సీటు యాడికి పోతది? మళ్ల రాస్తే మళ్ల రాదా?"

నిజమేననిపించింది. మరుసటి ఏడాది బ్యాచి పెద్దదైంది, ఆ పై ఏడు నా శిష్యులు బోర్డెక్కి నన్ను దించారు. ఎవరూ చదవొద్దనలేదు, నేనూ మానేద్దామనుకోలేదు. ఎమ్మెస్సీకి ఎలా వెళ్లాలో పదిమందికి చెబుతూ చెబుతూ, నేనూ వెళ్లొచ్చినట్టే ఉండేది. మీసం మాత్రం నిజంగానే పెంచాను. సెంటరు మూతబడ్డాక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి వెళితే, ఇంటర్వ్యూలో అవతలి కుర్చీలో ఉన్నది నా శిష్యుడే. లేచి నమస్కారం పెట్టి, మీరు ఎమ్మెస్సీ ఎక్కడ చేశారు సార్ అని అడిగాడు. అంత మర్యాదగా నన్నెవరూ కూల్చలేదు. ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి ట్యూషన్లు చెప్పుకోవడమే మిగిలింది, ఇప్పటికీ అదే.

ఇప్పుడు అన్నీ ఫ్లెక్సీలే; మొహాలు వారానికోసారి మారిపోతాయి, గాలివానకు చిరిగి రోడ్డు మీద పడితే ఆటోలు తొక్కుకుంటూ పోతాయి. మా కాలంలో కనీసం రంగు వెలిసేదాకా ఉండేవాళ్లం.

ఇవేవీ అమ్మాయికి చెప్పలేదు. పాఠం చెప్పే అలవాటు కొద్దీ గొంతు సవరించుకుని, ముందు ఉద్యోగంలో చేరు, సీటెక్కడికి పోతుంది, మళ్లీ రాస్తే మళ్లీ వస్తుంది అన్నాను.

అమ్మాయి నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది.

"నీకు సీటొచ్చిందని నాన్నమ్మ ఇప్పటికీ చెబుతుంది నాన్నా. చదివావని మాత్రం ఎవ్వరూ చెప్పరు."