ఉల్లిపూల పరీక్ష

మా కొంపల్లి ఫ్లాటు బాల్కనీలో, మొలకొచ్చిందని కుండీలో గుచ్చి మరిచిపోయిన ఉల్లిపాయ ఇవాళ పూసింది. గొట్టంలాంటి కాడ చివర తెల్లని గుత్తి. కళ్లజోడు సవరించుకుని చూశాను. ఒక్కో పువ్వుకు ఆరు రేకులు, ఆరు కేసరాలు, నడుమ రేకులకు పైన కూర్చున్న అండాశయం. మేం చదివిన పుస్తకాల్లో ఉల్లి లిల్లీ కుటుంబమే. ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

తొంభైల్లో మేడ్చల్‌లో ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. కోస్తా నుంచి కొత్తగా వచ్చాను, పాఠం నాలా ఎవరూ చెప్పలేరని గట్టి నమ్మకం. ప్రాక్టికల్ పరీక్షకు లిల్లీ కుటుంబం పువ్వు పెట్టాలన్నారు. అదెంత పని! దండలమ్మే ఆమె దగ్గర బుట్టెడు లిల్లీపూలు కొన్నాను. రేకులు ఆరు, కేసరాలు ఆరు, పైగా గదంతా ఘుమఘుమ. పరీక్ష రోజు పొద్దున్నే ఎందుకైనా మంచిదని ఒకదాన్ని బ్లేడుతో నిలువునా కోసి చూశాను. అండాశయం రేకుల కింద ఉంది! దండల్లో కట్టే ఈ లిల్లీ పేరుకే లిల్లీ; అసలు లిల్లీ కుటుంబానికి అది పైన ఉండాలి. ఇక పిల్లలు చూసింది రాసినా తప్పే, చదివింది రాసినా తప్పే. పది గంటలకు బయటి కాలేజీ నుంచి పరీక్షకుడు వస్తాడు. నా తొందరపాటుకు నలభైమంది పిల్లల మార్కులు పోతాయి.

"ఏంది మేడం, గట్ల పరేషాన్ అయితున్నరు?" అన్నాడు అటెండరు. ఉల్లిపూలు కావాలన్నాను.

"గంతేనా! శామీర్‌పేటల మా అవ్వ ఇత్తనానికి ఉల్లిగడ్డ ఇడిసింది. జల్దీ నడువుండ్రి" అని స్కూటరు తీశాడు.

మడి నిండా పూలు. నా ప్రాణం లేచొచ్చింది. నలభైమందికి నలభై కాడలు కావాలనగానే అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని అడ్డం నిలబడింది.

"గన్ని తెంపుకపోతె నాకు ఇత్తనం ఏడికెల్లి వస్తది బిడ్డా? గీ ఒక్క గుత్తిలనే మస్తు పూలున్నయి, కనవడ్తలేవా? నువ్వు పూల సదువే చెప్తవా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఒకే కాడ మీద వందల పూలు గుత్తిగా పూస్తాయని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పినదాన్ని! అవ్వ పెద్ద గుత్తి ఒకటి వెతికి తెంపింది, వాడిపోతాయేమోనని ఇంకొకటి తోడిచ్చింది. పదికి ఐదు నిమిషాలు ఉందనగా కాలేజీ చేరాం. తలా ఒక పువ్వు పంచాక కూడా గుత్తిలో బోలెడు మిగిలాయి.

ఆ ఏడాది ప్రాక్టికల్స్‌లో ఒక్కరూ తప్పలేదు. పరీక్షకుడు నన్నే మెచ్చుకున్నాడు, నేనూ ఏమీ ఎరగనట్టు మురిసిపోయాను. అవ్వ పేరేమిటో కనుక్కోవాలని తోచడానికి మాత్రం నాకు ఇన్నేళ్లు పట్టింది.