అరవై మూడు సెంటీమీటర్ల ఫ్రేము

నా ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. జనగామలో ఈ ఎత్తుతో బతకడం పెద్ద కష్టమేమీ కాదు, కాస్త వంగి ఉండాలంతే. ఆటోలో తల పక్కకు వాల్చి కూర్చోవాలి. వంటింటి గట్టు ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడాలి. స్కూటీ మీద మోకాళ్ళు హ్యాండిల్‌కు తగులుతాయి కాబట్టి మలుపు దగ్గర ఒక కాలు బయటికి తీయాలి. నేను పాఠాలు చెప్పే బడిలో, మేడం బోర్డు పై సగంలోనే రాస్తుందని ముందు బెంచీ పిల్లలు ఫిర్యాదు చేశారు. వాళ్ళకు మెడలు నొప్పిపెడుతున్నాయట.

పెళ్ళిచూపులప్పుడు మా అమ్మ ఒక్క జాగ్రత్తే చెప్పింది. "కూసున్నదానివి కూసున్నట్టే ఉండు. లేవకు."

కానీ పిల్లను నడిపించి చూడటం మా వైపు ఇంకా పోలేదు. పెళ్ళికొడుకు మేనత్త "జర లేచి నిలబడు బిడ్డా" అంది. చీర కుచ్చిళ్ళ వెనక మోకాళ్ళు వంచి లేచాను. అట్లాగే తలుపు దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చున్నాను. నడక నిమ్మళంగా ఉందని ఆమె మెచ్చుకుంది. నా బయోడేటాలో ఐదంగుళాలు తక్కువ రాశారు. ఆయన బయోడేటాలో రెండంగుళాలు ఎక్కువ రాశారు. పెళ్ళయ్యాక మేమిద్దరం ఈ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఫోటోలు దిగేటప్పుడు ఆయన పై మెట్టు మీద, నేను కింది మెట్టు మీద నిలబడతాం. మెట్లు లేని ఫంక్షన్ హాల్లో నేను కుర్చీ చూసుకుంటాను.

పాప పుట్టాక మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. పాపకు మూడేళ్ళు వచ్చేసరికి, కింద ఆడుకుంటున్న పిల్లను ఎత్తుకోవాలంటే ఒక చేత్తో గోడ పట్టుకోవాల్సి వచ్చేది. కింద కూర్చుంటే లేవడానికి లోపల అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని. మా ఆయనకు భూపాలపల్లిలో కరెంటు ఆఫీసు ఉద్యోగం, శనివారాలు వచ్చి పోతారు. మిగతా రోజులు ఇంట్లో పాప, నేను. మా గేటు నేరుగా రోడ్డు మీదికే తెరుచుకుంటుంది. పాప గేటు దాటి పరిగెత్తితే నేను సమయానికి లేవగలనా అన్నది నా భయం. దాన్ని రోజుకు మూడు నాలుగు సార్లు పూర్తిగా ఊహించుకునేదాన్ని. లారీతో ఒకసారి, ట్రాక్టరుతో ఒకసారి, నీళ్ళ ట్యాంకరుతో ఒకసారి.

ఎముకల డాక్టరు సైకిల్ తొక్కమన్నాడు. తొడ కండరాలు గట్టిపడితే మోకాళ్ళ మీద బరువు తగ్గుతుందన్నాడు. కొన్నాను, రెండు నెలలు తొక్కాను, నొప్పి పెరిగింది. మళ్ళీ వెళ్ళి, నేను తొక్కుతున్న వీడియో చూపించాను. ఆయన రెండుసార్లు చూశాడు.

"ఇది మీ పాపదా?"

"కాదు సార్. షాపుల ఉన్నవాట్ల ఇదే పెద్దది."

"పెడల్ కిందికి పోయినప్పుడు కాలు ఇంచుమించు చక్కగ రావాలమ్మా. మీది సగమన్న సాగుతలేదు. సీటు పైకి లేపలేదా?"

"లేపిన. ఊడి చేతికొచ్చింది."

సరిపోయే సైకిల్ దొరికితే ఆరు నెలలు తొక్కి రమ్మన్నాడు. దొరకకపోతే ఏం చేయాలో అప్పుడు చూద్దామన్నాడు. ఆ "అప్పుడు చూద్దాం" నాకు ఇంటిదాకా వినిపిస్తూనే వచ్చింది.

పాప నిద్రపోయాక ఫోన్లో చదవడం మొదలుపెట్టాను. ఇతర దేశాల్లో పొడుగాటి మనుషుల కోసం ఒకప్పుడు పెద్ద ఇనుప ఫ్రేములు చేసేవాళ్ళని తెలిసింది. సన్నటి పైపులు, వంకీ తిరిగిన హ్యాండిల్, రోడ్డు మీద దూరం పోవడానికి చేసినవి. సీటు కింది నుంచి పెడల్ ఇరుసు దాకా ఉండే పైపు పొడవే ఫ్రేము సైజు. కాలి లోపలి కొలతను బట్టి ఆ సైజు లెక్క కట్టాలి. గోడకు ఆనుకుని, కాళ్ళ మధ్య తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం పెట్టుకుని కొలుచుకున్నాను. లెక్క కడితే ఫ్రేము సైజు అరవై రెండు, అరవై మూడు సెంటీమీటర్లు వచ్చింది. అమ్మకానికి ఉన్నవన్నీ సముద్రం అవతలే ఉన్నాయి. ఆ లెక్క మా ఆయనకు చెప్పి ఊరుకున్నాను.

చలికాలంలో ఆయన లైను పని మీద మహదేవపూర్ వైపు వెళ్ళి ఫోన్ చేశారు. "ఇగో, ఒక ఫోటో పంపిన. జర చూడు, గిది సైకిలేనా?"

ఫోటోలో చిక్కుడు పాదు ఉంది. పెద్దగా చేసి చూస్తే ఆకుల మధ్య ఒక త్రికోణం కనిపించింది.

ఆదివారం పాపను తీసుకుని, టేపు పట్టుకుని వెళ్ళాను. ఆ ఇంటి అవ్వ నవారు మంచం మీద కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. "ప్రాజెక్టు పనులప్పుడు మా ఇంట్ల ఒక ఇంజనీరు కిరాయికుండె బిడ్డా, ఏ దేశపోడో. దినాం దర్వాజ తాకి బొప్పి కట్టేది. పోంగ పోంగ దీన్ని ఇడిసిపెట్టిండు. చక్రాలు మందుగొట్టే బండికి పెట్టుకున్నం. మావోళ్ళు ఎక్కుదామంటె కాళ్ళందకపాయె. ఊకెనే ఎందుకని చిక్కుడుకు నిలబెట్టిన."

ఆకులు తప్పించి కొలిచాను. అరవై మూడు. పెడల్ ఇరుసు కింద అదే అంకె కొట్టి ఉంది. తుప్పు పట్టిందే కానీ పైపులు తిన్నగా ఉన్నాయి.

"అవ్వా, నాకిస్తవా?"

ఆమె నన్ను పాదాల నుంచి తల దాకా చూసింది. "నీకైతది" అంది. నా ఎత్తు గురించి ఇంత తక్కువ మాట్లాడిన మనిషి నాకు అంతవరకు తగల్లేదు. "తీస్కపో. కని కాత అయిపోనీ."

"ఎప్పుడైపోతది?"

"గది చిక్కుడును అడగాలె."

ఆ పాదు మంచి జాతిది. రెండున్నర నెలలు కాసింది. మా ఆయన అటు వెళ్ళిన ప్రతిసారీ ఫోన్ చేసి "ఇంక పూత మీదనే ఉన్నది" అనేవారు, నేను చీడ ఏమైనా కనిపిస్తోందా అని అడిగేదాన్ని. శనివారం శనివారం అవ్వ ఇచ్చిన సంచీడు చిక్కుళ్ళతో ఇంటికొచ్చేవారు. అవే వండి, అవే తిని, ఎప్పుడు ఎండుతాయా అని ఎదురుచూశాం.

ఎండలు ముదిరాక ఫ్రేము ఇంటికొచ్చింది. కడిగితే సీటు కింద, రెండు పైపులు కలిసే చోట వెంట్రుకంత చీలిక కనిపించింది. జనగామలో కరెంటు వెల్డింగు పెడతామన్నారు, కానీ సన్న పైపు కాలిపోతుందని నేను చదివి ఉన్నాను. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక మెకానిక్ ఫ్రేమును వేలితో కొట్టి, చప్పుడు విని, దీనికి ఇత్తడి అతుకే కావాలన్నాడు. అది వేసే ముసలాయన మహబూబాబాద్‌లో ఉన్నాడని చెప్పాడు. మా ఆయన ఆదివారం రైల్లో తీసుకెళ్ళి, అతుకు వేసి, చక్రాలూ సీటూ బిగించమని అప్పగించి వచ్చారు.

మంగళవారం సాయంత్రం ఆ ముసలాయన ఫోన్ చేశాడు.

"బిడ్డా, నీ సైకిల్ పనే పట్టిన. ఫికర్ చెయ్యకు, నీకు మంచిగ సరిపోతది. నాలుగు అంగుళాలు కోస్తున్న."

"ఏం కోస్తున్నరు కాకా?"

"ఫ్రేమే. పై డండ కూడ తీసి కిందికి వాలుగ అతికిస్త. చీరతోని గూడ ఎక్కొచ్చు."

"కోయకుండ్రి కాకా! నాకు గంత పెద్దదే కావాలె."

"మీ ఆయనను నిలబెట్టి చూసిన బిడ్డా. ఆయనకే పెద్దగైతది. నువ్వు ఆయన కన్న జర తక్కువనే ఉంటవ్ గద?"

పెళ్ళయిన ఏడేళ్ళలో ఎవరికీ చెప్పని అంకె చెప్పాను. "నేను ఆరడుగుల ఒకటి."

"చెప్పులతోనా?"

"చెప్పుల్లేకుండ."

"ఎవరు కొలిచిన్రు?"

"నేనే కొలుసుకున్న."

"నిన్ను నువ్వు కొలుసుకుంటె గట్లనే వస్తది బిడ్డా." చివరికి, నేనే వచ్చి నిలబడతానంటే, మరునాడు పది గంటల దాకా ఆగుతానన్నాడు. గ్యాసు కిరాయికి తెచ్చిందట, మధ్యాహ్నానికల్లా వాపసు ఇవ్వాలట.

మా ఆయనకు ఫోన్ చేసి, నా ఎత్తు ముసలాయనకు చెప్పలేదా అని అడిగాను.

"చెప్పిన. జర పొడుగే అన్న."

"జర అంటే?"

"నా అంత ఉంటదా అని అడిగిండు. ఉంటది అన్న."

దాన్ని అబద్ధమనలేం. నేను ఆయనంత ఉంటాను, ఆ పైన కూడా ఉంటాను.

పొద్దున బడికి సెలవు పెట్టి, పాపతో రైలెక్కాను. కాజీపేట అవతల రైలు అరగంట ఆగింది. ఆగినంతసేపూ నాకు రంపం చప్పుడు వినిపించింది. మహబూబాబాద్‌లో దిగేసరికి పదీ ఇరవై. పాపను చంకనెత్తుకుని పోవాలనుకున్నాను కానీ మోకాళ్ళు ఒప్పుకోలేదు. దాని నడకే నా నడక అయింది. దారిలో అది రెండు మేకల దగ్గర ఆగింది.

దుకాణం రేకుల కింద ఉంది. వంగి లోపలికి వెళ్ళాను. ఫ్రేము కర్రల మధ్య బిగించి ఉంది, పైపుల మీద సుద్దతో గీతలున్నాయి, ముసలాయన చేతిలో రంపం ఉంది. రంపం పై పైపు మీదే ఉంది.

"కాకా, ఆపుండ్రి. నేనే."

ఆయన తల తిప్పి చూశాడు. "పొడుగే ఉన్నవ్ గని బిడ్డా, మరీ గంతేం లేవు."

ఎందుకట్లా అంటున్నాడో నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. రేకుల కింద మెడ వంచి ఉన్నాను. అది సరే. మోకాళ్ళు కూడా వంచి ఉన్నాను, ఎవరూ అడగకుండానే. బయటికి వచ్చి, చెప్పులు విడిచి, ఎండలో నిలబడ్డాను. ముందు మోకాళ్ళు చాపాను, తర్వాత నడుము, తర్వాత భుజాలు, చివరికి మెడ. కొంచెం టైము పట్టింది.

పాప నా డ్రెస్సు అంచు పట్టుకుని పైకి చూస్తోంది. "అమ్మా, ఎటు పోతున్నవ్?"

ముసలాయన రంపం పక్కన పెట్టి బయటికి వచ్చాడు. నన్ను కరెంటు స్తంభానికి ఆనించి, స్టూలెక్కి, సుద్దతో గీత పెట్టాడు. టేపుతో కొలిచాడు. నమ్మకం కలగక, టేపు కింది కొస పాపకిచ్చి నొక్కి పట్టుకోమని, మళ్ళీ కొలిచాడు.

"ఆరూ ఒకటింబావు."

పావు అంగుళం నాకూ తెలియదు.

"ముందుగాల్నే చెప్పొద్దా బిడ్డా?"

"నిన్న చెప్పిన గద కాకా."

"నువ్వు కాదు, ఆయన." లోపలికి వెళ్ళి సుద్ద గీతలు బొటనవేలితో తుడిచాడు. పై పైపు మీద రంపం పెట్టిన చోట చిన్న కోత పడింది. చీలికతో పాటు దానిమీదా ఇత్తడి పోశాడు. నేను పాప కళ్ళు రెండు చేతులతో మూసి, నా కళ్ళు కూడా మూసుకున్నాను.

"ఆగుతదా కాకా?"

"నేనేసిన అతుకు ఇడిసిపెట్టదు."

"ఒకవేళ పడితే?"

"పడితె మాత్రం అందరికన్న పైనుంచి పడ్తవ్."

అది చల్లారాక సీటూ పెడళ్ళూ తగిలించి, కర్రల మధ్యనే ఎక్కమన్నాడు. పెడల్ కిందికి తొక్కాను. "చాలా?" అన్నాడు. ఇంకా పైకి అన్నాను. సీటు లేపాడు. ఇంకా అన్నాను. మళ్ళీ లేపాడు. మూడోసారి అడక్కుండానే లేపాడు. పెడల్ అడుగుకు వెళ్ళినప్పుడు నా కాలు కూడా అక్కడితో అయిపోయింది. ఎక్కడా మిగల్లేదు.

చక్రాలు వచ్చి, సైకిల్ ఇంటికి చేరడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. శనివారం మా ఆయన ఎక్కి చూశారు. పాదాలు రెండూ గాలిలో ఉన్నాయి. గోడ పట్టుకుని దిగి, "బాగుంది" అన్నారు. సోమవారం పొద్దున డ్యూటీకి పోయే ముందు చైనుకు నూనె వేశారు.

రోజూ పొద్దున, పాపను మా అమ్మ దగ్గర వదిలి, లింగాల ఘనపూర్ రోడ్డు మీద తొక్కాను. హెల్మెట్ పెట్టుకున్నాను. ఎడమ అంచు దాటలేదు. లారీ చప్పుడు వినిపిస్తే అది వెళ్ళేదాకా దిగి నిలబడ్డాను. మొదటి నెల తొక్కిన దూరం కంటే నిలబడిన సమయమే ఎక్కువ. బస్సుల్లోంచి తలలు తిరిగేవి. ఒక ట్రాక్టరాయన పక్కనే నడిపిస్తూ వచ్చి, "అక్కా, మీదికేలి ఊరు కనబడ్తదా?" అని అడిగి పోయాడు.

ఆరు నెలలకు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నన్ను కింద కూర్చుని లేవమన్నాడు. కూర్చున్నాను, లేచాను. గోడ దూరంగా ఉంది. అంకెలు లెక్కపెట్టుకోవడం మరిచిపోయాను. ఇంకోసారి చేయమన్నాడు, చేశాను.

"ఏ మోకాలమ్మా ఎక్కువ నొప్పి ఉండె?" అన్నాడు.

కొంచెంసేపు ఆలోచించాల్సి వచ్చింది. కుడిది అన్నాను.

ఆయన పాత చీటీ చూశాడు. దానిమీద ఎడమ అని ఉంది.