ఆ కళ్ళను నేను నమ్మలేదు

పోయిన గురువారం పొద్దున్న ఒహాయో నుంచి ఫోన్ వచ్చింది. అవతల, ఒకప్పుడు నేను పరీక్షలు చేసిన ఒక కార్ల పందేల డ్రైవరు కూతురు. తెల్లవారుజామున నిద్రలోనే నాన్న పోయారని చెప్పింది. తొంభై దాటిన మనిషి, పెద్దగా బాధపడకుండానే వెళ్ళిపోయారట. నేను ఏదో ఓదార్పు మాట కోసం వెతుక్కుంటుంటే తనే అంది:

"ఎవరెవరికి కబురు చెప్పాలో నాన్న ముందే ఒక కాగితం మీద రాసిపెట్టారు. అందులో మీ పేరు లేదు. 'నన్ను నమ్మని డాక్టర్‌కి' అని, పక్కన ఈ నంబరు ఉంది. అది మీరే కదా?"

"నేనే" అన్నాను.

ఒక డాక్టర్ తన దగ్గరికి వచ్చిన మనిషి సంగతి ఇలా నలుగురికీ చెప్పవచ్చా అని మీకు అనిపించవచ్చు. ఆ సంగతిని ఆయనే తర్వాత తన ఊరి లైబ్రరీలో నిలబడి అందరి ముందూ చెప్పుకున్నారు. ఇప్పుడు రాయమని ఆయన కూతురు కూడా అంది. అందుకే రాస్తున్నాను.

డెబ్భైల చివర మేము మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. మావారు కార్ల కంపెనీలో ఇంజినీరు. నేను గుంటూరులో డాక్టర్ చదువు చదివి, ఇక్కడికొచ్చి మళ్ళీ ట్రైనింగ్ చేసి, ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. అక్కడి సీనియర్ డాక్టర్ ఒకాయన వారాంతాల్లో కార్ల పందేలకు డ్యూటీకి వెళ్ళేవారు. ఆయనకి నడుం పట్టేయడంతో ఆ పని నా మెడకి చుట్టారు.

మీలో చాలామందికి ఈ పందేల సంగతి తెలియకపోవచ్చు. చూడటానికి అవి రోడ్డు మీద తిరిగే మామూలు కార్లలాగే ఉంటాయి. లోపల మాత్రం సీట్లు పీకేసి, ఇనప గొట్టాలు బిగించి, ఇంజన్‌కి పదును పెట్టి ఉంటారు. కోడిగుడ్డు ఆకారపు తారు దారి చుట్టూ ఎడమ వైపుకి తిరుగుతూ వందల చుట్లు కొడతారు. టీవీలో కనిపించే పెద్ద పందేలు వేరు. నేను వెళ్ళినవి వాటి కింద అంచెవి. మిషిగన్, ఒహాయో, ఇండియానాల్లో చిన్న ఊళ్ళ శివార్లలో జరిగేవి. అక్కడి డ్రైవర్లలో సగంమంది సోమవారం పొద్దున్నే ఏదో ఒక ఫ్యాక్టరీకి పోవాల్సినవాళ్ళే.

మొన్న పోయిన ఆయన ఆ డ్రైవర్లలో ఒకరు. అప్పటికే యాభై. కెంటకీ కొండల్లో పుట్టి, పనికోసం ఉత్తరానికి వచ్చిన మనిషి. అందరూ 'ఓల్డ్ మ్యాన్' అని పిలిచేవారు. నేను మనసులో పెద్దాయన అనుకునేదాన్ని. పందెం రోజు అందరికంటే ముందు వచ్చి, దారంతా ఒక చుట్టు కాలినడకన తిరిగేవారు. మలుపుల దగ్గర వంగి తారుని అరచేత్తో తడిమి చూసేవారు. "మలుపులోకి నెమ్మదిగా వెళ్ళినవాడే బయటికి జోరుగా వస్తాడు" అని కుర్ర డ్రైవర్లకి చెప్పేవారు. మధ్యాహ్నం టమాటా ముక్కలు, ఉప్పు పెట్టిన బ్రెడ్ తినేవారు. నేను వైద్యం చేసే గుడారంలోకి వస్తే బూట్లు తుడుచుకోకుండా అడుగుపెట్టేవారు కాదు. పక్కన భార్య ఎప్పుడూ ఉండేది. కాగితాలన్నీ ఆవిడ చేతిలోనే.

సీజన్ మొదట్లో డ్రైవర్లందరికీ నేను పరీక్షలు చేసి, కార్డు మీద సంతకం పెట్టాలి. బీపీ, గుండె, చెవులు, చివరికి కళ్ళు. గోడకి అక్షరాల చార్టు, ఇరవై అడుగుల దూరంలో డ్రైవరు. మొదటి ఏడాదే ఆయన దగ్గర నాకేదో తేడాగా తోచింది. నేను ఒక కన్ను మూయమని పూర్తిగా చెప్పకముందే, చిన్నపిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు పై నుంచి కింద దాకా గడగడా చెప్పేశారు. రెండో కంటికీ అదే వరస, అదే వేగం. తప్పు ఒక్కటి కూడా లేదు. సంతకం పెట్టాను కానీ మనసులో ఒక ముల్లు మిగిలింది.

ఆ తర్వాత నా చూపు ఆయన మీదే ఉండేది. ఏదైనా ఫారం ఇస్తే, "కళ్ళజోడు ట్రక్కులో మరిచిపోయాను" అని భార్యకి అందించేవారు. ఆ కళ్ళజోడుని నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి టోలీడో దగ్గర పందేనికి దారి తప్పి గంట ఆలస్యంగా వచ్చారు. రోడ్డు మీద బోర్డు కనబడలేదన్నారు. కళ్ళజోడు కావాల్సిన మనిషి అది లేకుండా నూటముప్పై మైళ్ళ వేగంతో ఇరవైమంది మధ్య కారు నడుపుతున్నాడా? ఇంటికొచ్చి మావారితో అన్నాను.

"చార్టుని బట్టీ పట్టాడండీ. నాకు బాగా డౌటు."

"పాస్ చేశావుగా? ఇంక నీకెందుకు ఆ గొడవ? నువ్వు డాక్టర్‌వా, సీఐడీవా?"

"రేపు ఏదైనా జరిగితే కార్డు మీద ఉండేది నా సంతకం."

జరగనే జరిగింది. రెండో ఏడాది ఆగస్టులో పెద్దాయన కారు వెనక టైరు పొగలు కక్కడం మొదలుపెట్టింది. అప్పట్లో ఆ చిన్న జట్లకి రేడియోలు లేవు. పక్కన నిలబడ్డ మెకానిక్ పలక మీద సుద్దతో రాసి చూపించాలి. మామూలుగా ఆయన జట్టు అంకెలే రాసేది, ఎన్ని చుట్లు మిగిలాయో. ఆ రోజు పలక పట్టుకున్నవాడు జట్టుకి కొత్త. 'లోపలికి రా' అని పెద్ద అక్షరాలతో రాసి ఎత్తాడు. పెద్దాయన తల తిప్పి పలక వైపు చూశారు. నేను అంబులెన్స్ మెట్టు మీద నుంచి స్పష్టంగా చూశాను. చూసి, ఆగకుండా వెళ్ళిపోయారు. ఇంకో రెండు చుట్లకి టైరు పేలింది. కారు అడ్డం తిరిగింది. వెనక వస్తున్న డ్రైవరు దాన్ని గుద్దుకున్నాడు. అతని భుజం దగ్గర ఎముక విరిగింది. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నవాడు.

పెద్దాయన మోచేతికి కట్టు కడుతూ అడిగాను. "పలక చూడలేదా?"

"చూశాను."

"చూస్తే ఎందుకు రాలేదు?"

ఆయన తల పక్కకి తిప్పుకున్నారు. భార్య వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. అబద్ధం చెబుతున్నారని నాకు ఖాయమైపోయింది.

ఇక ఆ సీజన్‌లో కారెక్కొద్దని, వచ్చే ఏడాది కూడా డాక్టర్ మళ్ళీ చూశాకే ఎక్కాలని అన్నారు అధికారులు. వసంతంలో పరీక్షకి నేను వేరే చార్టు తీసుకెళ్ళాను. పైన పెద్ద అక్షరం పాతదే, కింద వరసలన్నీ మారిపోయాయి. ఆయన నిలబడి, ఎప్పటిలాగే గడగడా చెప్పేశారు. పాత చార్టు!

"అవి ఇందులో లేవండీ" అన్నాను.

గదిలో ఇంకో ముగ్గురు డ్రైవర్లున్నారు. ఆయన ముఖం ముందు ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. వాదించలేదు. టోపీ తీసుకుని, "మీ పని మీరు చేశారు, డాక్టర్" అని బయటికి వెళ్ళిపోయారు. నేను కార్డు మీద 'అనర్హుడు' అని రాశాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో గెలిచినట్టే అనిపించింది.

ఆ తర్వాత అనుమానం నా వైపుకి తిరిగింది. ఎక్కడినుంచో వచ్చిన ఆడమనిషి మన పెద్దాయన్ని దింపేసిందని గుసగుసలు. చెయ్యి కాలినా నా దగ్గరికి రాకుండా తడిగుడ్డ చుట్టుకుని తిరిగేవాళ్ళు. ఆయన మాత్రం ప్రతి పందేనికీ వచ్చేవారు. కంచె దగ్గర నిలబడి, తన కారు నడుపుతున్న వేరే డ్రైవర్ని చూస్తూ ఉండేవారు. నన్ను చూస్తే టోపీ అంచు పట్టుకుని పలకరించేవారు. అది నన్ను ఇంకా ఇబ్బంది పెట్టేది.

జూలైలో ఒక రోజు కంచె దగ్గర ఆయనకి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. అవతలి వైపు కార్లు అగ్గిపెట్టెలంత కనిపిస్తున్నాయి. ఆయన మెకానిక్‌తో నెమ్మదిగా అంటున్నారు.

"మనవాడి కుడి వెనక టైరు బొబ్బలెక్కుతోంది. పిలువు. ఆ నలభై ఒకటో నంబరు వాడు ఎడం చేతి గ్లవ్ తీసేశాడు చూడు, స్టీరింగ్ వేడెక్కిందేమో."

నేను బైనాక్యులర్స్ పెట్టి చూశాను. నలభై ఒకటో నంబరు డ్రైవరు ఎడమ చేతికి గ్లవ్ లేదు. కాసేపటికి లోపలికి వచ్చిన కారు టైరు మీద బొబ్బలు నా కళ్ళతోనే చూశాను.

ఇంటికి కారు నడుపుతున్నంతసేపూ లెక్క కుదరలేదు. ఆ దూరం నుంచి గ్లవ్ కనిపించేవాడికి ఇరవై అడుగుల్లో చార్టు కనిపించదా? అప్పుడు నాకు సత్తెనపల్లి దగ్గరి ఒక కంటి క్యాంపు గుర్తొచ్చింది. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక ముసలావిడకి తెలియక అక్షరాల చార్టు చూపించాను. "అగుపడతన్నయ్యమ్మా, బాగానే అగుపడతన్నయి. అయ్యేందో నాకెట్టా తెలుస్తది?" అందావిడ. మా మేడమ్ నన్ను చివాట్లు పెట్టి, ఇంకో చార్టు తగిలించారు. దాని నిండా ఇంగ్లీషు 'ఈ' అక్షరం ఒక్కటే, మూడు కాళ్ళూ ఒక్కోచోట ఒక్కో వైపుకి తిప్పి. ఆ కాళ్ళు ఎటు ఉంటే అటు వేళ్ళు చూపిస్తే చాలు. చదువు అక్కర్లేదు.

కారు రోడ్డు పక్కకి తీసి ఆపేశాను. కళ్ళజోడు, ఫారాలు, దారి తప్పడం, పలక. నేను చూసినవన్నీ నిజాలే. వాటిని పేర్చుకున్న తీరే తప్పు.

ఆదివారం స్కేలు పెట్టి కొలుచుకుంటూ ఆ చార్టు చేత్తో గీశాను. మావారు చూసి, "మళ్ళీ మొదలెట్టావా?" అన్నారు. "ఈసారి డౌటు నా మీదే" అని చెప్పి, పెద్దాయన ఇంటికి వెళ్ళాను. తలుపు తీసిన భార్య నన్ను లోపలికి రానివ్వలేదు.

"ఇంకా ఏం కావాలి మీకు? ఉన్నది తీసేసుకున్నారు కదా?"

"ఒక్క ఐదు నిమిషాలు. ఇందులో చదవాల్సింది ఏమీ లేదండీ" అన్నాను.

ఆ మాట వినగానే ఆవిడ నా కళ్ళలోకి చూసి, పక్కకి తప్పుకుంది.

గరాజ్ గోడకి చార్టు అంటించాను. ఆయన ఒక కన్ను మూసుకుని మూడు వేళ్ళు చాపారు. పైకి, కుడికి, కిందికి, ఎడమకి. ఒక్కో దానికీ నిదానంగా, ఆలోచించుకుని. చివరి వరస దాకా వెళ్ళారు. రెండో కన్నూ అంతే. ఆ చివరి వరస నాకే సరిగ్గా కనిపించదు.

ఆయన చెయ్యి దించి అన్నారు. "రెండో తరగతిలో బడి మానేశాను. అంకెలు వచ్చు. అక్షరాలు నిలబడవు, అటూ ఇటూ దొర్లిపోతాయి. ఆ చార్టు పదిహేనేళ్ళ కిందట ఈవిడే నేర్పింది, పాటలాగా. కాగితం మీద మాత్రం ఇది రాయకండి."

"రాయను. కానీ ఆ పలక?"

"చూశానని చెప్పాను కదా డాక్టర్. ఇంకా పోనిమ్మంటున్నారు అనుకున్నాను."

"మీ రహస్యం నేను దాస్తాను. ఇంకో మనిషి ఎముక విరిగితే మాత్రం దాచలేను. మీ జట్టుకైనా మీరు చెప్పాలి."

ఆయన ఆవిడ వైపు చూశారు. తర్వాత తలూపారు.

నేను అధికారి దగ్గరికి వెళ్ళి, నా పరీక్ష పద్ధతి తప్పు, ఆయన చూపు బాగుంది అని రాసిచ్చాను. అధికారి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"మార్చిలో గుడ్డివాడు, జూలైకల్లా చూపొచ్చిందా? మిమ్మల్ని ఎవరు మెత్తబరిచారు?"

"మీ ముందే మళ్ళీ చేస్తాను. మీరే దగ్గర నిలబడి చూడండి."

"ఈ వింత చార్టు ఎందుకు మరి?"

"మా దేశంలో ఇదే వాడతాం" అన్నాను. అది నిజమే, అందులోనే ఒక అబద్ధమూ ఉంది. పెద్దాయన అతని ఎదుట ఒక్క తప్పు లేకుండా వేళ్ళు చూపించారు. కార్డు తిరిగి వచ్చింది. ఆ అధికారి మాత్రం నన్ను చివరిదాకా అనుమానంగానే చూశాడు.

ఆ సాయంత్రమే ఆయన తన జట్టు ఆరుగురినీ గరాజ్‌లో కూర్చోబెట్టి, "నాకు చదవడం రాదు. పలక మీద మాటలు రాయకండి, బొమ్మ గీయండి" అని చెప్పారట. పోయిన ఆగస్టులో పలక పట్టుకున్న ఆ మెకానిక్ ఏడ్చేశాడట. తర్వాత, ఎముక విరిగిన డ్రైవర్ ఇంటికి వెళ్ళి అతనికీ చెప్పారు. అతను కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడాడు.

ఇంకో నాలుగు సీజన్లు నడిపారు. ఒక్క పందెమూ గెలవలేదు. ఒకసారి మాత్రం మూడో స్థానంలో వచ్చారు. చలికాలాల్లో వంటింటి బల్ల దగ్గర భార్య ఆయనకి చదువు చెప్పేది. నా గుడారానికి వచ్చినప్పుడు మందు సీసాల మీది పేర్లు కూడబలుక్కుంటూ, సరిపోయిందా అన్నట్టు నా వైపు చూసేవారు. "ఎవరైనా మరీ తొందరగా జవాబు చెబితే ఇంకోసారి అడగండి, డాక్టర్" అని నవ్వేవారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట నాకు పనికొచ్చింది. బాగున్నానని గబగబా చెప్పేసే రోగుల్ని నేను రెండోసారి అడిగేదాన్ని.

ఆయన చివరి పందెం ఎనభైల నడుమ, ఒక సెప్టెంబరు సాయంత్రం. పదకొండో స్థానంలో ముగించారు. కార్లన్నీ లోపలికి వచ్చేశాయి, ఆయనది తప్ప. మనిషి నడిచే వేగంతో దారి చుట్టూ తిరుగుతోంది. అధికారి చిరాకుపడ్డాడు. నాకు గుండెపోటేమోనని భయం పట్టుకుంది. సంచీ తీసుకుని కంచె దగ్గరికి పరిగెత్తాను. అక్కడ ఆయన భార్య నిలబడి ఉంది. కంగారేమీ లేదు.

బయటి గోడ పొడుగునా స్థానిక దుకాణాల ప్రకటనలు రంగులతో రాసి ఉంటాయి. ఇనప సామాన్ల కొట్టు, బేకరీ, బ్యాంకు, పూల దుకాణం. ఆ దారిలో ఆయన ఎన్ని వేల చుట్లు తిరిగారో. కారు ఒక ప్రకటన ముందు దాదాపు ఆగింది. హెల్మెట్ గోడ వైపుకి తిరిగి ఉంది. కాసేపటికి కదిలి, తర్వాతి దాని ముందు మళ్ళీ ఆగింది. నా పక్కన ఆవిడ కంచె పట్టుకుని, చప్పుడు లేకుండా పెదాలు కదుపుతోంది, ఒక్కో అక్షరానికీ.