ఆసియాలో పెద్ద మార్కెట్టు, మా చిన్నాయన

పోయిన వారం కర్నూల్లో మా చిన్నాయన కన్నుమూశాడు. పత్తికొండలో విత్తనాల అంగడి తెరుస్తుంటే ఫోన్ వచ్చింది. తెరిచిన తలుపు మళ్లీ మూసి బస్సెక్కాను.

ఆయన రిటైరైన ప్లీడరు. నల్లకోటు పక్కన పెట్టాక కంప్యూటరు కొని, పట్టుబట్టి తెలుగు టైపు నేర్చుకుని, ఇంటర్నెట్టులో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వంలో చేరాడు. జీతం బత్తెం లేని పని. అక్కడ ఎవరి రాతనైనా ఎవరైనా దిద్దవచ్చు. ప్రతి వ్యాసానికీ ఒక చర్చ పేజీ ఉంటుంది, తేడా వస్తే అక్కడ తేల్చుకోవాలి. మా చిన్నాయనకు ఇంకేం కావాలి!

ఒకసారి పత్తికొండ టమోటా మార్కెట్టు గురించి రాస్తూ అది ఆసియాలోనే పెద్దదని రాసేశాడు. మా సీమవాళ్లం అంతే, కాస్త పెద్దది ఏది కనబడినా ఆసియా దాకా లాక్కుపోనిదే నిద్రపట్టదు. కొత్తగా చేరిన కడప అమ్మాయి ఒకామె, బీఎడ్ చదువుతోంది, ఆధారం చూపించమంది. ఊరంతా ఎరిగినదానికి ఆధారమేమిటన్నాడు ఈయన. కాదని నువ్వే రుజువు చెయ్యి అన్నాడు. మిగతావాళ్లు పెద్దాయన వైపే చేరారు. ఇక నేను రాయనని ఆ అమ్మాయి ఒక్క ముక్క రాసి ఊరుకుంది.

అంగడి సరుకు కోసం నేను కర్నూలు వెళ్లి చిన్నాయన ఇంట్లో దిగేసరికి, ఆయన ఆ ముక్కనే చూస్తూ దిగులుగా కూర్చున్నాడు. గెలిచావు కదా చిన్నాయనా అన్నాను.

"గెల్చి ఏం చేసుకోవాలప్పా? కోర్టులో కేసయిపోతే ఎవురిండ్లకు వాళ్లు పోతారు. ఈడ ఆ పాప పోతే రాసే చెయ్యి ఒగటి పోతాది."

చర్చ పేజీలో అన్నమాట చెరిపేయడం మర్యాద కాదు. తప్పనిపిస్తే అందరికీ కనబడేలా దానిమీద గీత కొట్టాలి. తన వాదన మొత్తం మీద వరసగా గీతలు కొట్టి, కింద "నా దగ్గర ఆధారం లేదమ్మా" అని రాశాడు. ఆమె తిరిగి వచ్చింది. ఆ వయసులో అంత పని నావల్లయితే కాదు.

అప్పటినుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఎదుటివాళ్ల వాదన ముందు తన మాటల్లో రాసి, ఇంతేనా మీరనేది అని అడిగేవాడు. వాళ్లు ఔనన్నాకే తన మాట.

ఊరి పేర్ల వెనక పెద్దలు చెప్పే కథల్ని వ్యాసంలో పెట్టాలా వద్దా అని ఈ మధ్య వాళ్లిద్దరికీ మళ్లీ వాదన పడింది. పోయే ముందురోజు ఆమె వాదన రాసిపెట్టి, ఎప్పటిలాగే అడిగాడు. సంగతి తెలియక ఆమె మర్నాడు జవాబు రాసింది. తెలిశాక చిన్నాయన నంబరుకు ఫోన్ చేసి, ఆ జవాబు తీసేయమంటారా అని ఫోనెత్తిన నన్నడిగింది. ఏడుస్తోంది. ఉండనీమ్మా, ఆయన అడిగిందే కదా అన్నాను.

నిన్న ఆయన కంప్యూటరు తెరిచి ఆ పేజీ చూశాను. "కాదు సార్, నేనంటాండేది మీకింకా అర్థం కాలేదు," అని మొదలవుతుంది ఆమె జవాబు. దానికింద ఇంకెవరూ ఏమీ రాయలేదు.