‘ఆగు’ అనకుండా టైర్లు కొన్న నా తోడికోడలు

నా తోడికోడలు బురుల్‌సున్ వస్తోందంటే మా ఊరు కరకోల్ పిల్లలకు రెండు వీధుల ముందే తెలిసిపోతుంది. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఇళ్ళకు తిరిగి ముసలివాళ్ళకు ఇంజెక్షన్లు, పిల్లలకు టీకాలు వేస్తుంది. ఆమె కారేమో రెండే సీట్లున్న ఎర్ర స్పోర్ట్స్ కారు. నేలకు జానెడెత్తులో ఉంటుంది, పేటంతా వినబడేలా గుర్రుమంటుంది. ఒక చిన్న సూదిని అంత చప్పుడుతో మోసుకొచ్చే మనిషిని నేనింకెక్కడా చూడలేదు. ఆ చప్పుడు వినగానే పిల్లలు గడ్డివాముల్లో దాక్కుంటారు. ముసలివాళ్ళు మాత్రం చొక్కా చేతులు పైకి మడుచుకుని గుమ్మంలోకి వచ్చి కూర్చుంటారు.

యాభై దాటిన నర్సుకు ఈ కారెందుకని అడగనివాళ్ళు లేరు. “ఇన్నేళ్ళూ అంబులెన్సులో వెనకాల కూర్చుని తిరిగాను, ఇకమీదట ముందు కూర్చుంటాను” అంది. అని, వెనక సీటే లేని కారు కొనుక్కుంది.

చిక్కల్లా చలికాలంలో. ఆ కారు ఇంజను బలమంతా వెనక చక్రాలకే వెళుతుంది, వెనకేమో బరువు లేదు. మంచు పడితే ముందుభాగం ఒకవైపు పోతుంటే వెనకభాగం ఇంకోవైపు పోతానంటుంది. కిందటి చలికాలమంతా ఆమె దాన్ని కొట్టంలో పెట్టి తాళం వేసి, మోకాళ్ళ లోతు మంచులో నడిచింది. ఈ ఏడు నడవనంది. అప్పుడు మొదలైంది మా ఇంట్లో గొడవ.

మొదలుపెట్టింది మా పెద్దబావగారు. ఆయనకు ఆ కారంటే మొదటినుంచీ పడదు. “దాన్ని అమ్మిపారేసి, నాలుగు చక్రాలూ లాగే పాత వ్యాను కొనుక్కో అమ్మాయ్. గొర్రెల్ని కూడా వేసుకోవచ్చు” అనేవారు. గొర్రెలకు టీకాలు వేయడం బురుల్‌సున్ పని కాదని ఎవరైనా చెబితే ఆయనకు వినబడేది కాదు. ఆమె భర్త, అంటే మా రెండోబావగారు, సగం ఏడాది మందతో కొండల్లోనే ఉంటారు. ఆయనకు గుర్రం తప్ప మిగతావన్నీ ఒకటే, కాబట్టి ఏమీ అనలేదు. చివరికి పంచాయితీ మామగారి దగ్గరికి వచ్చింది.

మామగారు టీ గిన్నె రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు. “మొదటి గడ్డమంచు శుక్రవారం నన్ను ఆ కారులో మసీదుకు దింపు. నమాజయ్యాక మళ్ళీ ఇంటికి ఎక్కించు. క్షేమంగా తెచ్చావా, కారు నీ దగ్గరే ఉంటుంది. లేదా, పెద్దాడు చెప్పినట్టు అమ్మేద్దాం.”

మా గేటు నుంచి నీళ్ళ పంపు దాకా వీధి నిట్టనిలువుగా దిగుతుంది. అక్కడ మలుపు, మలుపు తర్వాత మసీదు. ఆ వాలు మీద గడ్డమంచులో మనుషులే కూర్చుని జారుతూ దిగుతారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే తర్వాత జరిగిన భాగోతం మీకు అర్థం కాదు. మా ఇళ్ళలో కోడలు మామగారి పేరుగానీ, పెద్దబావగారి పేరుగానీ పలకకూడదు. ఆ పేరులో దాగిన మాట కూడా పలకకూడదు. రాయడానికి నోరు అక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను. మామగారి పేరు టోక్తోసున్. ‘ఆగాలి’ అని అర్థం, మా భాషలో ‘టోక్తో’ అంటే ఆగు. ఆయనకు ముందు పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతుంటే, ఆ చావులు ఇక్కడితో ఆగాలని పెట్టిన పేరు. పెద్దబావగారు తెమిర్‌బెక్. తెమిర్ అంటే ఇనుము. అందుకని మా కోడళ్ళ నోట బస్సు ఆగదు, నిలబడుతుంది. వాన కూడా నిలబడుతుంది. ఇనప పెనం మాకు ‘నల్ల పెనం’. కొత్తలో నాలుక కరుచుకున్నాం, తర్వాత అలవాటైపోయింది. ఇక బురుల్‌సున్ అంటే ‘తిరగాలి’ అని. వరసగా ఆడపిల్లలే పుడుతుంటే ఇకనైనా వరస తిరగాలని వాళ్ళ నాన్న పెట్టాడట. తిరగాలి అనే పేరున్న మనిషి, ఆగు అనే మాట అనకూడని మనిషి, గడ్డమంచులో కారు నడుపుతానంటే నవ్వక ఏం చేస్తాం?

టైర్ల మాట ఎత్తగానే ఇంట్లో అందరూ మేస్త్రీలయ్యారు. బావగారు గుర్రం లెక్క చెప్పారు. “గుర్రానికి ముందుకాళ్ళకే నాడాలు కొట్టిస్తాం. ఇది వెనక కాళ్ళతో నడిచే గుర్రం. వెనక రెండూ మార్చు, చాలు.”

“మరి ముందువాటితో మలుపు తిరగొద్దా బావగారూ?” అంది బురుల్‌సున్.

“నీ పేరే తిరగాలి. ఇంకా కారుకెందుకు?” అన్నారాయన. ఆ జోకు ఆయన ఆ వారమంతా కనబడినవాళ్ళందరికీ చెప్పారు.

నేనూ బురుల్‌సున్ టైర్ల బజారుకు వెళ్ళాం. కొట్టు యజమాని జేన్‌బాయ్ మోసగాడేమీ కాదు. కాకపోతే కార్ల అందం పిచ్చి. మా ఎర్ర కారును చూడగానే పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశాడు.

“చలికాలం టైర్లు కావాలి తమ్ముడూ, చక్రాలతో సహా” అంది బురుల్‌సున్. టైర్లు ఊడదీసి మళ్ళీ మళ్ళీ బిగించే బాధ లేకుండా చలికాలానికి వేరే చక్రాలు ఉంచుకోవడం మా దగ్గర అలవాటే. గుంటల్లో పడ్డా పగలని ఇనప చక్రాలు తీసుకోవాలని ఆసుపత్రి డ్రైవరు ఆమెకు చెప్పి పంపాడు.

“ఎలాంటి చక్రాలక్కా?”

“నల్లవి. గట్టివి.”

“నల్లవా! అక్కా, నీ టేస్టే టేస్టు. మరి టైర్లు?”

“బాగా నిలబడేవి. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడాలి.”

జేన్‌బాయ్ మొహం వెలిగిపోయింది. “అర్థమైంది. నిలబడితే జనం చూడాలి, అంతేగా? నాకొదిలెయ్.”

నాకొదిలెయ్ అన్నవాడికి ఏదీ వదలకూడదు. పద్దెనిమిది అంగుళాల చక్రాలు తెచ్చాడు, అద్దంలా మెరిసే నల్ల అల్లాయ్. వాటి చుట్టూ వెడల్పాటి టైర్లు. ఎంత వెడల్పంటే పిల్లిని పడుకోబెట్టొచ్చు. ఎత్తు మాత్రం రొట్టెముక్కంత. బిగించి దూరం జరిగి చేతులు కట్టుకున్నాడు. “చూడక్కా, ఎట్లా నిలబడిందో!”

నిజమే, భలే నిలబడింది. నేను కూడా తల ఊపాను. టైర్ల గురించి నాకు తెలిసిందల్లా అవి గుండ్రంగా ఉంటాయని.

రెండు రోజులకు కాస్త మంచు రాలింది. గడ్డ కూడా కట్టలేదు, పిండి చల్లినట్టు పడిందంతే. బురుల్‌సున్ మా వీధిలోనే ఒకసారి నడిపి చూసింది. స్టీరింగు తిరిగింది. కారు తిరగలేదు. ఆ వెడల్పు టైర్లు మంచులోకి దిగకుండా మీద మీదే తేలుకుంటూ పోయి, కారు తాపీగా బావగారి పిడకల కుప్పలో దూరింది. బావగారు టీ గిన్నెతో సహా బయటికొచ్చారు. పిడకలను చూశారు, కారును చూశారు. “వ్యాను కొనుంటే పిడకలు కూడా వేసుకోవచ్చు” అన్నారు.

అందరం నవ్వాం. ఆ సాయంత్రం వంటింట్లో బురుల్‌సున్ నవ్వలేదు.

“కిందటేడు సైదాకన్ ముసలమ్మకు పొద్దున్నే వెయ్యాల్సిన షుగరు సూది, మంచులో నడిచి నేను పోయేసరికి మధ్యాహ్నమైంది చెల్లీ. గుమ్మంలో పడిపోయి ఉంది. చొక్కా చెయ్యి మడిచే ఉంది. ఆ వ్యాను వసంతానికిగానీ దొరకదు. ఈ కారు పోతే ఈ చలికాలం కూడా నేను నడవాలి.” అని, పిండి చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

మర్నాడు మళ్ళీ బజారుకు పోయాం. ఈసారి కొట్లో జేన్‌బాయ్ భార్య కలీచా కూడా ఉంది. జేన్‌బాయ్ లబలబలాడాడు. “నల్లవి అడిగావు, నల్లవిచ్చాను. నిలబడాలన్నావు, నిలబెట్టాను. నా తప్పేంటక్కా?”

“కాదు తమ్ముడూ, నిలబడాలంటే… పోతూ పోతూ… ఇంక పోకుండా…” అని బురుల్‌సున్ చేతులు తిప్పుతోంది. సాయం చేద్దామని నేను నోరు తెరిచాను. నాకూ అదే మామగారు, మళ్ళీ మూసేశాను. జేన్‌బాయ్ మా ఇద్దరినీ జాలిగా చూస్తున్నాడు.

కలీచా మా మొహాలు చూసి, మొగుణ్ణి పక్కకు నెట్టింది. “నువ్వుండవయ్యా, నీకు తెలీదు. ఏమక్కా, నలుపంటే నలుపేనా, వేరే మాటకు బదులా?”

“బదులే.”

“ఎవరు? బావగారా?”

“పెద్దబావగారు.”

“తెమిర్…”

“ఊఁ! ఊఁ!” అన్నాం ఇద్దరం.

“మరి నిలబడటం?”

“మామగారు.”

“అయ్యో నా తల్లీ! టోక్తో…” మేం తలలు ఊపిన ఊపుకు నా ముసుగు జారిపోయింది. కలీచా నవ్వి నవ్వి టైర్ల మీద కూలబడింది. “మా మామగారి పేరు ఆ బోర్డు మీదుంది” అని వేలు చూపింది, దాని మీద ‘బజార్‌బాయ్’ అని రాసుంది. “పెళ్ళైనప్పట్నించీ ఈ కొట్లోనే ఉన్నాను. ఎక్కడున్నావని ఎవరైనా ఫోన్ చేస్తే ‘జనంలో ఉన్నా’ అంటాను. జనంలో ఏం చేస్తున్నావంటారు!”

ఆ తర్వాత పని చకచకా జరిగింది. వెడల్పువి తిరిగి తీసుకున్నారు. సన్నటి టైరైతే మంచును కోసుకుంటూ కింది రోడ్డును అందుకుంటుందని, టైరు గోడ ఎత్తుగా ఉంటే గుంటల దెబ్బ చక్రానికి తగలదని కలీచా చెప్పింది. పదిహేను అంగుళాల ఇనప చక్రం పెట్టి తిప్పి చూస్తే బ్రేకుకు తగిలి కీచుమంది. పదహారుది పెడితే బ్రేకుకూ చక్రానికీ మధ్య వేలు పట్టింది, అదే ఖాయం చేశాం. నాలుగూ ఒకే రకం. రబ్బరుతో మంచును అతుక్కునేవి కావాలా, మేకులున్నవి కావాలా అనడిగితే, మా వీధి వాలు తలుచుకుని ఇద్దరం ఒకేసారి “మేకులు” అన్నాం. అదృష్టం, ఆ పేరున్నవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. వెనక బరువు కోసం కలీచా డిక్కీలో ఉప్పు బస్తా వేయించింది. జేన్‌బాయ్ మాత్రం కారును చూసి నిట్టూర్చాడు. “పెళ్ళికూతురికి రబ్బరు బూట్లు తొడిగారు” అన్నాడు.

శుక్రవారానికి గడ్డమంచు రానే వచ్చింది. వీధి సీసాలా మెరుస్తోంది. మామగారిని ఆ కారులో కూర్చోబెట్టడానికి ఇద్దరం మడతపెట్టాల్సి వచ్చింది. బొచ్చుటోపీ తీయనన్నారు, టోపీ కప్పుకు తగిలి కళ్ళమీదికి జారింది. కాసింత గాలి కావాలని అద్దం దింపించుకున్నారు. నేను ముందే జారుకుంటూ దిగి పంపు దగ్గర నిలబడ్డాను. బావగారు అక్కడే ఉన్నారు. వేడుక సరిగా కనబడాలని రోడ్డు మధ్యకు నడిచారు, కాలు జారి కూలబడ్డారు. లేవబోయారు, మళ్ళీ కూలబడ్డారు. అప్పుడే పైన కారు గుర్రుమంది.

ఎర్రగా వస్తోంది. బావగారు నాలుగు కాళ్ళ మీద పాకుతున్నారు, పాకిన చోటే ఉంటున్నారు. కారు అద్దంలోంచి మామగారి కేక వీధంతా మోగింది, “టోక్తో! టోక్తో!”

“నిలబడుతోంది మామయ్యా! నిలబడుతోంది!” అని లోపలినుంచి బురుల్‌సున్ అరుపు.

మేకులు మంచును కరకరా గీరాయి. కారు బావగారి ముక్కుకు మూరెడు దూరంలో నిశ్చలంగా ఉండిపోయింది. బావగారు బంపరు పట్టుకుని లేచారు. వ్యాను మాట ఎత్తలేదు. బురుల్‌సున్ ఆయన చుట్టూ మెల్లగా తిప్పుకుని మసీదు వైపు పోయింది. నమాజయ్యాక వాలు ఎక్కేటప్పుడు కారు వెనకభాగం కొవ్వు తోక గొర్రెలా కాస్త ఊగింది, అయినా గేటు దాకా ఎక్కేసింది.

ఇంట్లో అందరం టీకి కూర్చున్నాం. బావగారు నడుము కింద దిండు పెట్టుకుని, “దారిలో ఎవరో ఇసక చల్లుంటారు” అని గొణిగారు. మామగారు పట్టించుకోలేదు.

“అమ్మాయ్ బురుల్‌సున్, పంపు దగ్గర కారేం చేసింది?”

“నిలబడింది మామయ్యా.”

“గోడ నిలబడుతుంది. కారేం చేసింది?”

బురుల్‌సున్ నా వైపు చూసింది. నేను రొట్టె వైపు చూశాను.

“మామయ్యా, ఆ మాట నేను…”

“ఆ మాట నాకూ తెలుసు. ఇందాక అరిచింది నేనే కదా” అన్నారు మామగారు. “అరిచాక అనుకున్నాను, ఇది విని ఎన్నాళ్ళైందా అని. మీ అత్తయ్య ఉన్నప్పుడు తనూ అనేది కాదు. నాతో గుర్రాలెక్కినవాళ్ళు, నాతో తన్నులాడినవాళ్ళు ఒక్కొక్కడే పోయారు. వాళ్ళలో చివరివాడు కుబాత్ పోయాక నన్ను పేరుపెట్టి పిలిచేవాడే లేడు. ఊరందరికీ తాతనే. చివరికి నా పేరు నేనే కేకేసుకున్నాను, అదీ ప్రాణభయంతో.” అని నవ్వారు. నవ్వు ఎక్కువసేపు లేదు. “చెప్పమ్మా. కారేం చేసింది?”

బురుల్‌సున్ టీ కెటిల్ కింద పెట్టింది. మొహం కొత్త పెళ్ళికూతురిలా ఎర్రబడింది.

“టోక్తోదు” అంది. “ఆగింది మామయ్యా.”

మామగారు కళ్ళు మూసుకున్నారు. ఆ మాటను టీతోపాటు మింగుతున్నట్టు గొంతు కదిలింది. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి, “కారు ఈ ఇంట్లోనే ఉంటుంది” అన్నారు పెద్దకొడుకుతో. తర్వాత నా వైపు తిరిగారు.

“నువ్వు కూడా ఒకసారి అనమ్మా” అన్నారు.