ఆయన కోరుకున్న ఇల్లు

పల్లెటూరు వెళ్లిపోవాలన్న కోరిక నాది కాదు, ఆయనది. విజయనగరంలో కాలేజీ దగ్గర జిరాక్సు షాపు నడిపేవారు. బేరాల్లేని మధ్యాహ్నాలు ఫోన్లో తోటలూ పెంకుటిళ్లూ చూస్తూ కూర్చునేవారు. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మాకు పిల్లల్లేరు. "ఇంకెవరి కోసం ఇక్కడ పడుండటం?" అని ఆయన అడిగితే సరేనన్నాను.

శ్రీముఖలింగం వెళ్లే దారిలో, వంశధారకి కొంచెం ఎడంగా, జీడితోటలో ఉన్న పాత పెంకుటిల్లు కొన్నాం. వాసాల్ని చెదలు తినేశాయి. వంటింటి గోడ ఒక పక్క కూలిపోయి ఉంది. ఆయన లుంగీ ఎగ్గట్టి తనే పైకెక్కి పెంకులు దించారు. నేను కింద నిలబడి ఒక్కోటీ అందుకుని పేర్చాను. పదహారేళ్ల కాపురంలో ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూళ్లేదు. పేడలో జారిపడి కూడా నవ్వారు.

కొత్త వాసాలేసి పెంకు పరిచిన పదిహేను రోజులకి తుఫానొచ్చింది. మేం పక్కింటి ముసలమ్మ దగ్గర తలదాచుకున్నాం. గాలి తగ్గాక వెళ్లి చూస్తే సగం కప్పు లేదు. జీడిచెట్లు వేళ్లతో సహా పడిపోయి ఉన్నాయి. ఆయన చాలాసేపు వాటి మధ్యే నిలబడ్డారు. ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఏదో ఒకటి అనుంటే బావుండేది.

తర్వాత సామాన్ల కోసమని విజయనగరం వెళ్లడం మొదలుపెట్టారు. ఒక రోజుకని వెళ్లి రెండ్రోజులుండేవారు. పోనుపోను వారం. నాకు పాడు అనుమానం వచ్చింది. అడిగేశాను.

"అక్కడ ఎవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరు. ఉంటే నీకు తిట్టుకోడానికైనా ఒకరుండేవారు." చేతిలో సంచి దించి అన్నారు, "నాకిక్కడ ఊపిరాడట్లేదు. మళ్లీ మొదట్నించీ కట్టే ఓపిక నాలో లేదు. వెళ్లిపోదాం, వచ్చెయ్."

నేను వెళ్లలేదు, ఆయనొక్కరే వెళ్లారు. అప్పటికి నా చేతులు మోచేతుల దాకా మట్టిలో ఉన్నాయి. ముసలమ్మ నాకు గోడ మెత్తడం నేర్పుతోంది. నాకా పని నచ్చింది, ఆ గాలి నచ్చింది. ఇద్దరిలో ఒకరు తగ్గాలని తెలుసు. ఆయనే తగ్గుతారనుకున్నాను. ఆయనా నా గురించి అలాగే అనుకుని ఉంటారు.

ఒకరోజు మట్టి కలుపుతుంటే ముసలమ్మ అడిగింది.

"మీ ఆయన రాలేదేటమ్మా?"

"పనుండి ఆగిపోయారు."

"మూడు నెల్లు ఏటి పని? నాకు సెప్పకపోతే ఇంకెవులికి సెప్తావు?"

మట్టిచేతుల్తోనే మొహం కప్పుకుని ఏడ్చాను. ఆమె ఏమీ ఓదార్చలేదు. కుండలో నీళ్లు ముంచి నా మొహం తనే కడిగింది. మిగిలిన గోడ ఆ రోజు ఆమే మెత్తింది.

ఏడాదికి ఇల్లు పూర్తయింది. చూసి వెళ్లమని కబురు పెడితే ఆయన స్కూటర్ మీద వచ్చారు. చెప్పులు గుమ్మం బయట ఒద్దికగా విడిచారు. చెక్క కుర్చీ అంచున కూర్చున్నారు. మంచినీళ్లిస్తే రెండు చేతుల్తో అందుకున్నారు. గోడల్ని తడిమి చూసి, "బాగా చేశావు" అన్నారు. ఖాళీ గ్లాసు అందుకున్నాను.

కొంచెంసేపటికి లేచి, మొహమాటంగా అటూ ఇటూ చూసి, "బాత్రూం ఎటు?" అని అడిగారు.

వేలితో చూపించాను. ఆయన అటు వెళ్లాక వంటింట్లోకి పోయి స్టవ్ గట్టు పట్టుకుని నిలబడ్డాను. ముసలమ్మ ముందు ఏడ్చిన రోజు నుంచీ, ఆయన విడిగా ఉంటున్నారని అందరికీ చెప్పుకుంటూనే ఉన్నాను. ఆయన వెళ్లిపోయారని నాకు అర్థమైంది మాత్రం అప్పుడే.

భోజనం చేసి వెళ్లమన్నాను. చీకటి పడకముందే చేరాలన్నారు. తోట దాటేదాకా వెంట నడిచాను. స్కూటర్ స్టార్ట్ చేయబోతూ, "నీ మీద కోపం లేదే" అన్నారు.

"నాక్కూడా," అన్నాను.

మేం విడాకులు తీసుకోలేదు. ఆదివారాలు ఫోన్ చేస్తారు. బోరు మోటారు బాగా పని చేస్తోందా అని అడుగుతారు. చేస్తోందంటాను. ఫోన్ పెట్టేశాక వెళ్లి మోటారు వేస్తాను.